పచారీ చీటీలో కుడివైపు

మెంతులు షుగర్‌కి మంచివి. పసుపు కీళ్ళకి మంచిది. మిరియాలు జలుబుకి, జీలకర్ర అరుగుదలకి, దాల్చినచెక్క కొలెస్ట్రాల్‌కి, వాము కడుపునొప్పికి. మా బాబాయి పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టే మెసేజీలన్నీ కలిపి చదివితే, వీధి చివర కిరాణా కొట్లో ఒంటికి మంచిది కానిదంటూ బట్టల సబ్బు ఒక్కటే మిగులుతుంది.

ఆ మెసేజీల్లో పచ్చి అబద్ధాలు తక్కువే. పూర్తిగా అబద్ధమైతే ఎవరో ఒకరు కొట్టిపారేసేవారు. సగం నిజం కాబట్టే చెంచాడు మెంతులు నానబోసుకుని, ఆ పూటకి ఆరోగ్యం సంగతి తేలిపోయినట్టు హాయిగా మూడో వాయి అన్నం కలుపుకుంటాం.

నెల సరుకుల చీటీ రాసేటప్పుడు ఎడమవైపు సరుకు పేరు, కుడివైపు తూకం వేస్తాం కదా. తిండి గురించి మనం మాట్లాడుకునేదంతా ఎడమవైపు గురించే. ఒంటికి జరిగే మంచీ చెడూ మాత్రం చాలామటుకు కుడివైపే ఉంటాయన్నది నా వాదన. వంద గ్రాములు, యాభై గ్రాములు రాసే సరుకుల్ని మందుల్లా చూస్తూ, కిలోల్లో, బస్తాల్లో తెచ్చుకునేవాటిని చూడడమే మానేశాం.

మెంతుల సంగతే తీసుకుందాం, వాటి మీద పెద్ద పని జరిగింది మన హైదరాబాద్‌లోనే కాబట్టి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు, అక్కడివాళ్ళు షుగర్ ఉన్నవాళ్ళకి మెంతిపొడి పెట్టి చూశారు. రక్తంలో చక్కెర తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. ఫార్వర్డ్ మెసేజీలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. పెట్టిన మోతాదు ఎంతో ఎవరూ రాయరు. 1990లో అచ్చయిన పరిశోధనలో రోజుకి ఇచ్చింది కొవ్వు తీసిన మెంతిపొడి 100 గ్రాములు, మధ్యాహ్నం భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం. తర్వాతి పరిశోధనలో దాన్ని తగ్గించి 25 గ్రాములు చేశారు. మనం రాత్రి గ్లాసులో వేసే చెంచాడు మెంతులు నాలుగైదు గ్రాములు తూగితే గొప్ప.

పైగా మెంతులు నానితే గింజ చుట్టూ జిగురు పడుతుంది చూడండి, పనిచేసేది ముఖ్యంగా అదే. ఆ జిగురంతా పీచు. కడుపులో ఉబ్బి, అన్నంలోంచి వచ్చే చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా నిదానం చేస్తుంది. అంటే గింజ నమిలి మింగాలి. పొద్దున్నే ఆ నీళ్ళు వడకట్టుకుని తాగేసి, ఉబ్బిన గింజల్ని కుండీలో మొక్కకి పోసేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. మొక్కకి షుగర్ రాదు, ఆ భరోసా ఇవ్వగలను.

పసుపు లెక్క కూడా ఇంతే. పసుపులో మందుగుణం ఉందనుకునే కుర్కుమిన్ అనే పదార్థం నూటికి మూడు పాళ్ళు, అటూఇటూగా. పరిశోధనల్లో దాన్ని విడిగా తీసి 500 మిల్లీగ్రాములో, ఒక గ్రామో మాత్రల్లో ఇస్తారు. పప్పులో వేసే చిటికెడు అర గ్రాము అనుకుంటే, అందులో కుర్కుమిన్ 15 మిల్లీగ్రాములు, అదీ ఒంటికి పట్టేది చాలా కొద్దిగా. కూరకి రంగుంది, వాసనుంది, వేసుకుందాం. నిజామాబాద్‌లో 2025 జనవరిలో పసుపు బోర్డు కూడా పెట్టారు, రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తే అంతకంటే ఏం కావాలి. కానీ దాన్ని మోకాళ్ళ వైద్యం కింద లెక్కేయకండి.

పిల్లాడికి పొద్దున్నే పొట్టు తీసి పెట్టే నాలుగు బాదం గింజల్లో ప్రొటీన్ ఒక గ్రాము. తేనె అయిదు పాళ్ళలో నాలుగు పాళ్ళు చక్కెరే, నిమ్మకాయ నీళ్ళలో కలిపినంత మాత్రాన కొవ్వు కరిగించే శక్తి దానికి రాదు. బెల్లంలో ఐరన్ ఉంది, అయితే టీలో వేసుకునే చిన్న ముక్కలో మహా అయితే ఒక మిల్లీగ్రాము. ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 29 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పింది. బెల్లంతో అది పూరించాలంటే ముందు షుగర్ డాక్టర్‌ని మాట్లాడి పెట్టుకోవాలి.

చిటికెడు మోతాదులో నిజంగా పనిచేసేది మన వంటింట్లో ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పొగడరు. ఉప్పులో అయోడిన్. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు, కంటికి కనపడనంత. గొంతు దగ్గర వాపు, పుట్టే పిల్లల్లో బుద్ధిమాంద్యం రాకుండా కాసేది ఆ కాస్తే. ఇప్పుడేమో డబ్బున్న ఇళ్ళల్లో ప్యాకెట్ ఉప్పు మానేసి గులాబీరంగు సైంధవ లవణానికి మారుతున్నారు, అందులో ఎనభై ఖనిజాలు ఉన్నాయట. ఉండొచ్చు, ఒక్కోటీ ఎంతుందో అడగండి. అయోడిన్ కలిపినట్టు ప్యాకెట్ మీద రాసి లేకపోతే, లేని ఎనభై లాభాల కోసం ఉన్న ఒక్క లాభం వదులుకున్నట్టే.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఆవకాయ సంగతీ చూడాలి, మన జాతి గౌరవానికి సంబంధించిన విషయమైనా సరే. కిలో ముక్కలకి పావుకిలో ఉప్పు, పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, అరకిలో నూనె, ఇదీ మా ఇంటి కొలత. మొత్తం రెండుంపావు కిలోలు, అందులో పావుకిలో ఉప్పు. అంటే తొమ్మిదో వంతు. పెద్ద చెంచాడు, 20 గ్రాములు, వేసుకుంటే రెండు గ్రాముల పైన ఉప్పు. రోజు మొత్తానికి అయిదు గ్రాములు దాటొద్దంటున్నారు. ముద్దపప్పులోకి ఒక చెంచా, పెరుగన్నంలోకి ఇంకో చెంచా, ఇక కూరలోనూ చారులోనూ ఉప్పు వేయడానికి చోటు లేదు. ఆవకాయ మానమని నేను అనను. చెప్పినా మా ఇంట్లో ఎవరూ వినరు. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఆ చెంచా సైజు చూసుకోవాలి.

ఇక కిలోల దగ్గరికి వద్దాం.

2024 మేలో ఎన్ఐఎన్ వాళ్ళు భారతీయులు ఏం తినాలో చెబుతూ కొత్త మార్గదర్శకాలు విడుదల చేశారు. అందులో ఒక రోజు పళ్ళెం ఉంది: తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పళ్ళు 100, పల్లీలూ నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు. గ్రాముల్లో చదివితే ఏమీ ఎక్కదు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకి లెక్కకట్టండి, అచ్చం పచారీ చీటీలా తయారవుతుంది. బియ్యం, గోధుమపిండి, రవ్వలు అన్నీ కలిపి 30 కిలోలు. పప్పులు పది కిలోల పైచిలుకు. నూనె మూడున్నర లీటర్లు. పల్లీలు, నువ్వులు నాలుగు కిలోలు. కూరగాయలు 48 కిలోలు.

ఇప్పుడు మధ్యతరగతి ఇంటి చీటీ ఒకటి పక్కన పెట్టి చూడండి. మాదైనా మీదైనా పెద్ద తేడా ఉండదు. పాతిక కిలోల సన్నబియ్యం బస్తా, అయిదు కిలోల గోధుమపిండి, ఇడ్లీరవ్వ, ఉప్మారవ్వ, అటుకులు కలిపి ఇంకో అయిదు. మొత్తం 35. కందిపప్పు రెండు కిలోలు, మినపప్పు రెండు, పెసరపప్పూ శనగపప్పూ తలో అరకిలో. మొత్తం అయిదు. నూనె అయిదు లీటర్ల డబ్బా. పల్లీలు కిలో, అవీ చట్నీకి. అంటే బియ్యం వైపు అయిదు కిలోలు ఎక్కువ, పప్పు వైపు అయిదు కిలోలు తక్కువ. నన్నడిగితే ఒక కుటుంబం మొత్తం ఆరోగ్య సమస్య ఈ అయిదు కిలోల అటూఇటూలో ఉంది.

“మేం రోజూ పప్పు తింటామండీ” అని అందరూ అంటారు. నిజమే, రోజూ వండుతాం. పప్పుచారు రోజున కుక్కర్లో పడేది చిన్న గ్లాసుడు కందిపప్పు, ఓ వంద గ్రాములు. అది మెదిగి, చింతపండు పులుసు, ములక్కాడ ముక్కలు, రెండు చెంబుల నీళ్ళు చేరి నలుగురికి రెండు పూటలా వస్తుంది. తలకి 25 గ్రాముల పప్పు, అందులో ప్రొటీన్ అయిదారు గ్రాములు. అదే మనిషి తినే పావుకిలో బియ్యంలో ప్రొటీన్ ఇరవై గ్రాముల దాకా ఉంటుంది. ప్రొటీన్ కోసం పప్పు తింటున్నామనుకుంటాం గానీ, అన్నమే ఎక్కువ ఇస్తోంది. గరిటె వేసే తీరూ ఉంది కదా. మొదట కూర్చున్నవాళ్ళకి అడుగునుంచి తిప్పి చిక్కగా పోస్తారు. ఆఖర్న తినే ఇల్లాలికి వచ్చేసరికి పైన తేరిన నీళ్ళు, అందులో రెండు కరివేపాకు రెబ్బలు.

బియ్యపు ప్రొటీన్ చాలదా అంటే, ప్రొటీన్‌ని కట్టే ఇటుకల్లో ఒకటైన లైసిన్ దాంట్లో తక్కువ. పప్పులో లైసిన్ ఎక్కువ, కానీ మెథియోనిన్ అనే ఇంకో ఇటుక తక్కువ. ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది, రెండూ సరిపాళ్ళలో పడితే. మూడు వంతుల గింజకి ఒక వంతు పప్పు ఉండాలంటారు. మన చీటీలో అది ఏడుకి ఒకటి.

మంచి బియ్యం తింటే సరిపోదా అనేవాళ్ళ కోసం ఒక మాట. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే రకం తెచ్చారు, తెలంగాణ సోనా అంటారు. మంచి రకం. తిన్నది రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ దానికి 51 చిల్లర, మామూలు తెల్లబియ్యం కంటే బాగా తక్కువ. కొట్లలో దాన్ని “షుగర్ రైస్” అని అమ్ముతారు. ఆ పేరు చూసి, ఇది షుగర్ వాళ్ళదే కదా అని, ఇదివరకు మానుకున్న రెండో పూట అన్నం మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఆ ఇండెక్స్ కొలిచేది ఒక నిర్ణీత తూకానికి. మీరు ఎంత వడ్డించుకుంటారో దానికి తెలియదు.

చిరుధాన్యాలదీ అదే కథ. బియ్యం తీసేసి మొత్తం జొన్నలకి, కొర్రలకి మారిపొమ్మని యూట్యూబ్ నిండా చెబుతున్నారు. ఒకప్పుడు మన దక్కన్‌లో పేదవాళ్ళు అచ్చంగా అలాగే తిన్నారు, ఇష్టమై కాదు, వేరే దిక్కులేక. జొన్నలే ముఖ్యాహారంగా బతికిన కూలీనాలీ జనంలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం. పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో దీని గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. జొన్నలు చెడ్డవని దీని అర్థం కాదు, నాకు జొన్నరొట్టె ప్రాణం. ఏ గింజైనా పళ్ళెం మొత్తం ఆక్రమిస్తే వచ్చే తంటా అది. ఇక రాగుల్లో కాల్షియం 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పొద్దున రెండు చెంచాల పిండితో కాచుకునే పల్చటి జావలో వచ్చేది 70. రాయలసీమలో సంగటి ముద్ద తినేవాళ్ళకి వేరే లెక్క, వాళ్ళు గుప్పెళ్ళతో తింటారు.

సరైన పాళ్ళు ఎక్కడో పరాయి వంటల్లో వెతకనక్కర్లేదు, మన టిఫిన్లలోనే ఉన్నాయి. ఇంట్లో ఇడ్లీ పిండికి గ్లాసు మినపప్పు, రెండు గ్లాసుల రవ్వ పోస్తాం. హోటలువాడు గ్లాసుకి నాలుగు పోస్తాడు, అది వేరు. పెసరట్టులో బియ్యం గుప్పెడే, మిగతాదంతా పెసలు. పులగంలో, కట్టెపొంగలిలో పెసరపప్పు బాగానే పడుతుంది. శ్రావణమాసం పేరంటాల్లో వాయనంగా ఇచ్చే నానిన శనగలు, దసరా నవరాత్రుల గుగ్గిళ్ళు, సున్నుండలు, వీటన్నిటిలో పప్పు ప్రధానం, బియ్యం అతిథి. మధ్యాహ్నం కంచంలోకి వచ్చేసరికే తారుమారైంది. టిఫిన్‌కి ఉప్మా బదులు పెసరట్టు వేసుకున్న రోజున, ఎవరూ ఏ డైటూ మొదలుపెట్టకుండానే, లెక్క చాలావరకు సర్దుకుంటుంది.

పల్లీలకి దక్కాల్సిన మర్యాద దక్కలేదన్నది నా చిరకాల ఫిర్యాదు. అనంతపురం ఎర్రనేలల్లో పండే ఈ గింజలో 100 గ్రాములకి 23, 24 గ్రాముల ప్రొటీన్, బాదం కంటే ఒక పిసరు ఎక్కువే. ధర బాదంలో నాలుగో వంతు కూడా ఉండదు. గుప్పెడు, ఓ ముప్పై గ్రాములు, ఉడకబెట్టుకుని తింటే సాయంత్రం బిస్కెట్ ప్యాకెట్ జోలికి పోబుద్ధి కాదు. సగం బరువు నూనే కాబట్టి రెండో గుప్పెడు వద్దు. ముడుచుకున్నవి, బూజు వాసన కొట్టేవి మాత్రం నిర్దాక్షిణ్యంగా పారేయండి, ఆ బూజులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది.

కూరగాయల 48 కిలోల మాట చదివి నేనూ నవ్వాను. సంచి మోసేదెవరు? కానీ అందులో ఆకుకూరల వాటా తలకి రోజూ 100 గ్రాములు, అది మాత్రం పట్టుబట్టాల్సిన విషయం. తోటకూర పప్పు అని చెప్పి చిన్న కట్ట ఒకటి తుంచి వేస్తే నలుగురికీ ఆకు తగలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత. సగం మందికి పైగా! ఆకులోని ఐరన్ తేలిగ్గా ఒంటికి పట్టదు, పక్కన నిమ్మరసమో జామకాయో ఉసిరికాయో ఉండాలి, వాటిలోని విటమిన్ సి దాన్ని లోపలికి తీసుకెళుతుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ దానికి అడ్డం పడుతుంది. ఆ టీ ఒక గంటన్నర వెనక్కి జరపడానికి రూపాయి ఖర్చు లేదు. అయినా ఇది ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ అవదు, ఇందులో అమ్మడానికి సరుకేమీ లేదు మరి.

ఇదంతా విని మా షావుకారు ఏమంటాడో నాకు తెలుసు, ఎందుకంటే చీటీలో పప్పుల పద్దు ఎనిమిది కిలోలు చేసి ఇచ్చిన నెల అన్నాడు కూడా. “ఇంట్లో ఏదైనా కార్యమా అమ్మా?” అని అడిగి, లెక్క వేసి చూపించి, “పప్పు తినడం తేలికేనమ్మా, కొనడమే కష్టం” అన్నాడు. కాదనలేని మాట. కందిపప్పు రేటు సన్నబియ్యం రేటుకి రెండింతల పైనే ఉంటుంది. నేను ఎనిమిది కిలోలు కొనగలను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొనలేదు.

ఇక్కడ తప్పు ఆవిడది కాదు, ఎన్ని సలహాలిచ్చినా సరే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది, దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. నలభై ఏళ్ళ తర్వాత కూడా మన సర్కార్ల పోటీ బియ్యం మీదే నడుస్తోంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి నెలకి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. రోజుకి 200 గ్రాములు. కడుపు నిండే తూకమే. మూడుకి ఒకటి లెక్కన దాని పక్కన మనిషికి రెండు కిలోల పప్పు ఉండాలి. ఆంధ్రలో సబ్సిడీ కందిపప్పు ఇచ్చినా కార్డు మొత్తానికి కిలో, మనిషికి కాదు. బియ్యం దొడ్డా సన్నమా అని చర్చలు పెట్టే నాయకుల్లో ఒక్కరైనా పప్పు తూకం గురించి నోరెత్తగా నేను వినలేదు.

అంతవరకూ కందిపప్పు ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకుండా ఉంటే ఖర్చు కొంత తగ్గుతుంది. నల్లశనగలు, బొబ్బర్లు, ఉలవలు మామూలుగా దానికంటే చవక. ప్రొటీన్‌లో పెద్ద తేడా లేదు, పొట్టు ఉంటుంది కాబట్టి పీచు ఇంకా ఎక్కువ. గుడ్లు, చేపలు తినే ఇంట్లో నెలకి పది కిలోల పప్పూ అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పప్పులు పెంచకండి. మా అత్తయ్యలా “వాతం చేస్తుందే” అనేవాళ్ళకి సమాధానం ఉంది: రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో మెత్తగా ఉడికించి, మొదటి వారం కొద్దికొద్దిగా పెట్టండి. ఉలవలు నానబోయడం మర్చిపోయిన రాత్రి కంగారు పడనక్కర్లేదు, పొద్దున్నే పెసలు పోస్తే మూడు నాలుగు గంటల్లో నానిపోతాయి, మధ్యాహ్నం వంటకి అందుతాయి.